పలకల మధ్య సందు

తమ్ముడి సంచీ నేనే సర్దాను. రెండు జతల బట్టలు, గుండె మాత్రలు, కళ్ళజోడు, కొలత టేపు. నాలుగు రోజుల ప్రయాణానికి పది రోజుల మాత్రలు పెట్టాను. ఎవరు గడప దాటుతున్నా నా చేతులు ఊరుకోవు. ఏదో మరిచిపోయానని సంచీ మూడుసార్లు విప్పాను.

"పలకలు తేవడానికి వెళ్తున్నానక్కా, కాపురానికి కాదు" అన్నాడు.

మేమిద్దరం నా కూతురింట్లో ఉంటున్నాం. వాడు నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానేశాడు. పోయిన చలికాలం అమ్మాయి పెరట్లో పలకలు పరిచి అరుగులాంటి డెక్ వేయించి, దాని మీద నీడకు పెర్గోలా, అంటే దూలాల పందిరి, కట్టించాలంది. మేనమామ ఉండగా వేరే పనివాడెందుకన్నాడు వాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆ డెక్ పలకలు అసలు చెక్క కాదు, చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి పోసినవి. వాడికి కొత్త. వాటితోపాటు వచ్చిన కాగితంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని కదా, చదివి వినిపించే పని నాకిచ్చాడు. ఎండకు సాగుతాయి కాబట్టి పలకల చుట్టూ ఐదు మిల్లీమీటర్ల సందు వదలాలని అందులో స్పష్టంగా ఉంది. ఒకప్పుడు బస్టాండులో నా చేతికర్ర నేల పలకల మధ్య సందులోనే ఇరుక్కుని, పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. సందు గురించి ఏమైనా రాసుందా అని తమ్ముడు అడిగాడు. లేదన్నాను. వాడు పలకలు దగ్గరగా బిగించాడు.

పెర్గోలా నిటారుగానే నిలిచింది. ఎండలు ముదిరేసరికి కింద పలకలు ఒకదాన్నొకటి తోసుకుని ఒంటె వీపులా లేచాయి. అమ్మాయి వాణ్ణి ఏమీ అనలేదు. వేరే మేస్త్రీని పిలిపించి చూపించింది. అంతకంటే తిట్టినా బాగుండేది. ఇది బిగించిన మహానుభావుడెవరని అతను నవ్వాడు.

"నేనే బాబూ. ఇంత బతుకు బతికి ఇంటి వెనక చచ్చినట్టయింది" అని తమ్ముడూ నవ్వాడు.

మేస్త్రీకి మంచినీళ్ళు తెస్తానని నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మాయి, మామయ్య చేతికి ఇక పనిముట్లు ఇవ్వొద్దమ్మా అంది. వాడు గుమ్మం అవతలే ఉన్నాడు. ఆ తప్పు నాదని అప్పుడైనా చెప్పాల్సింది. గిన్నె తోముతూ ఉండిపోయాను.

మర్నాడే, పాడైన వాటి బదులు కొత్త పలకలు తానే చూసి తెస్తానని, ఆ పలకల గోదాము ఉన్న ఊరికి బయల్దేరాడు. ఫోన్లో రంగు సరిగ్గా తెలియదట. వచ్చి ఆ డెక్ తనే సరిచేస్తే గానీ అమ్మాయి మొహం చూడలేనన్నాడు. గేటు దగ్గర సంచీ అందిస్తూ, చెప్పేద్దామని గుండె దిటవు చేసుకున్నాను.

"ఒరేయ్, ఆ కాగితంలో..." అన్నాను.

"కాగితాన్నేమీ అనకక్కా. అందులో రాసుంటే నువ్వు చదివేదానివి కాదూ?"

మాత్రలు వేళకు వేసుకోమన్నాను. అంతే అనగలిగాను. వచ్చాక చెబుదామనుకున్నాను.

కాగితం నా పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న చోటే ఉంది. పలకలు అలాగే లేచి ఉన్నాయి.

తమ్ముడు మే పదిహేడు ఉదయం వెళ్ళాడు. పంతొమ్మిదిన ఆ ఊళ్ళోనే గుండె ఆగి పోయాడు. తిరిగి రాలేదు.