నూట ఎనభై ఏడు వరుసలు

అయినా లెక్క తప్పలేదు. నూట ఎనభై ఏడే. ఇంకోసారి లెక్కపెడితే తగ్గుతుందని ఎందుకనుకున్నాడో జయచంద్రకే తెలియదు. తగ్గితే బాగుండునని మాత్రం, ఇన్నేళ్లలో మొదటిసారి, అనిపించింది.

సైటేషన్ ఇండెక్స్ సంపుటాలు లైబ్రరీ బల్ల నిండా పరిచి ఉన్నాయి. ఎవరి పరిశోధనని ప్రపంచంలో ఎవరెవరు తమ వ్యాసాల్లో ఉదహరించారో చెప్పే పుస్తకాలవి. పల్చని కాగితం, చీమ తలకాయలంత అక్షరాలు. వ్యాసాన్ని ఎందరు కలిసి రాసినా అందులో మొదటి పేరు కిందే లెక్క పడుతుంది. వెన్నుపాము నరకణాల మీద ఎనభై మూడులో అచ్చయిన వ్యాసానికి మొదటి పేరు జయచంద్రది. దాన్ని ఉదహరించిన వాళ్లవే, అతని పేరు కింద ఆ నూట ఎనభై ఏడు వరుసలు. రెండోది ఉషశ్రీది, అతని భార్యది.

కణాలని లెక్కపెట్టింది ఆవిడే. నాలుగేళ్లు మైక్రోస్కోపు మీద వంగి, కణానికోసారి కౌంటర్ మీట నొక్కుతూ. ఆదివారం మధ్యాహ్నం సరోజినీ నగర్ క్వార్టర్లో కునుకు తీస్తున్నా ఆవిడ బొటనవేలు దుప్పటి మీద కదులుతూనే ఉండేది.

టైపు చేసిన ప్రతిలో ఉషశ్రీ పేరే ముందుండేది. పోస్టులో వేసే రోజున జయచంద్ర ఒక్కడే కూర్చుని పేర్లు తారుమారు చేశాడు. ఉద్యోగం ఖాయం కావలసింది ముందు తనకి. ఆమెకి తర్వాతైనా అవుతుంది. ఒకే ఇల్లు కదా. కారణాలెంత సులువుగా దొరికాయి! అచ్చు ప్రతి వచ్చిన రోజు ఆమె దాన్ని చూసి, మడిచి, బీరువాలో పెట్టింది. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. పదమూడేళ్లలో మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ మౌనాన్ని అతను క్షమించడమనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అవసరం.

పోయిన నెల ఆమె ప్రమోషన్ దరఖాస్తు తిరిగొచ్చింది. కమిటీ ఇండెక్స్ తిరగేసి, ఆమె పేరు కింద ఏమీ లేదని రాసింది. ఉషశ్రీ రాజీనామా ఇచ్చేసింది. ఆ పని ఆమెదేనని మొదటి రచయితగా ఉత్తరం రాసిస్తే కమిటీని మళ్లీ కూర్చోబెడతానని డైరెక్టరు జయచంద్రని పిలిచి చెప్పాడు. రాస్తే, సోమవారం జయచంద్ర ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి మిగిలేదేమీ లేదు. ఆ మాట చెప్పి రెండు వారాలైంది. రోజూ వచ్చి వరుసలు లెక్కపెడుతున్నాడు. ఈవేళ శుక్రవారం, సాయంత్రం ఐదింటికి రాజీనామా అమల్లోకొస్తుంది.

మూడున్నరకి పుస్తకాలు మూసి ఆమె ల్యాబ్‌కి వెళ్లాడు. బల్ల ఖాళీ అయిపోయింది. ఉషశ్రీ స్పిరిట్ గుడ్డతో లెన్సు తుడుస్తోంది.

"ఏవండీ, ఈ అలమారా తాళం ఎవరికివ్వాలి?"

"ఉషా, డైరెక్టరు గారు నాతో..."

"ఉత్తరం సంగతేగా. ఆ రోజే నన్నూ పిలిచి చెప్పారు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగి రాయించుకుంటే నేను రాసుకున్నట్టే కదండీ." ఆమె లెన్సుని వెలుతురుకి పెట్టి చూసింది. "రోజూ మీ అన్నం కారియర్ సర్దుతూ, ఈవేళ రాస్తారేమో అనుకునేదాన్ని. మొన్న బుధవారం నుంచి అనుకోవడం మానేశాను. ప్రాణం హాయిగా ఉంది."

ఆ హాయి అతన్ని కోసేసింది. కోపమైతే తట్టుకునేవాడు, కోపానికి జవాబులు పదమూడేళ్లుగా సిద్ధం చేసుకుంటూనే ఉన్నాడు.

"ఇప్పుడు రాస్తే?"

"రాయండి. ఉద్యోగమిస్తే చేస్తాను, పనంటే నాకిష్టమే. ఇంట్లో మాత్రం దాని గురించి మాట్లాడకండి, ఇక."

పక్క గదిలో కూర్చుని అరపేజీ రాశాడు. రాశాక గుండె తేలికపడుతుందనుకున్నాడు, పడలేదు. ఆమె ఎదురుచూసిన రోజులు ఆమెవి, వాటిని ఏ ఉత్తరమూ వెనక్కి తేలేదు.

పై అంతస్తులో డైరెక్టరు గుమస్తా టైప్‌రైటర్‌కి ముసుగు తొడుగుతోంది. ఐదుకి పది నిమిషాలు.

"డాక్టర్ సాబ్, అబ్ సోమ్‌వార్ కో" అంది, ఇక సోమవారమేనని.

ఈవేళ్టి తేదీయే పడాలన్నాడు జయచంద్ర, హిందీలో. కదలకుండా నిలబడ్డాడు. ఆమె విసుగ్గా సొరుగు లాగి తేదీ ముద్ర అతని చేతిలో పెట్టింది. అతను ఉత్తరాన్ని బల్లమీద సరిచేసి, తనే గుద్దాడు.