వెండి రంగు కింద ఎర్ర చార

పెద్దసార్లు తనిఖీకి వస్తున్నారంటే చాలు, ముందు వంతెనకి రంగు పూసెయ్యాలి. చూడ్డానికి వచ్చినవాళ్లకి రంగు తప్ప వంతెన కనబడకూడదన్నమాట. ఖరగ్‌పూర్ శివార్లలో వాగు మీదున్న పాత ఇనప రైలు వంతెనకి పోయిన నెల వెండి రంగు వేసింది అప్పలకొండ గ్యాంగే. ముప్పయ్యారేళ్ల సర్వీసు, గ్యాంగుకి మేస్త్రీ, రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలు.

ఈసారి వచ్చింది తబిత. రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో అతని క్వార్టరు వెనకే పెరిగిన పిల్ల, ఇప్పుడు వంతెనల ఇంజనీరు. వంతెన మీదికి రైలు ఎక్కినప్పుడల్లా ఇనుము కాస్త వంగి, దిగగానే మళ్లీ సర్దుకుంటుంది. వందేళ్లు అదే పనైతే ఇనుమూ అలిసిపోతుంది. ఆ అలసట ముందుగా అతుకుల దగ్గర, వాటిని బిగించే రివెట్ల కన్నాల పక్కన పగులై బయటపడుతుంది. అది ఎంతదాకా వచ్చిందో తేల్చడం ఆమె పని.

పొద్దుటినుంచీ అతను రివెట్ల మీద సుత్తితో కొడుతుంటే, ఆమె అవతలివైపు వేలు ఆనించి చూసింది. ఒక్కటీ కదల్లేదు. పగులుంటే ఎర్రటి తుప్పు చార కారుతుందనీ, అలాంటిదేమీ కనబడలేదనీ, వంతెన బాగానే ఉందనీ చెప్పి పుస్తకం మూసింది.

అప్పలకొండ చూపు మూడో అతుకు మీదికి పోయింది. రంగు వెయ్యకముందు అక్కడ అలాంటి చార ఉండేది. కనబడితే రిజిస్టర్లో రాయాలని రూలు. రంగు అంటదని గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది తనే. ఇప్పుడు నోరు విప్పితే మెమో, విచారణ, ఇన్నేళ్ల మంచిపేరు గంగపాలు.

అంతలో లోకల్ రైలు వచ్చింది. ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు. తలుపుల దాకా జనం. పెట్టె తరవాత పెట్టె మూడో అతుకు మీదుగా పోతుంటే అతను లెక్కపెట్టాడు. ఆఖరిది దాటగానే తబిత వైపు తిరిగాడు.

"మేడమ్, మూడో అతుకు కాడ రంగు గీకించండి. అక్కడ ఎర్ర సార ఉండీది. నానే తుడిసినాను."

తబిత తనే గీకింది. రివెట్ కన్నం నుంచి వెంట్రుకంత సన్నటి పగులు, బొటనవేలంత పొడవు. వెంటనే ఫోన్ చేసి, బాగుచేసేదాకా రైళ్లన్నీ అక్కడ మనిషి నడక వేగంతోనే పోవాలని చెప్పింది. తరవాత రిపోర్టులో, పగులు కనిపెట్టినవాడు అప్పలకొండ అని రాసి చూపించింది.

"తుడిసింది కూడా నానేనని రాయమ్మా."

"రాస్తే నిన్ను ఊరుకోరు, బాబాయ్."

"రాయకపోతే వొచ్చే ఏడు ఇంకోడు తుడిసేస్తాడు."

ఆమె రిపోర్టు మళ్లీ తన వైపు తిప్పుకుంది. తుడిచింది కూడా అతనేనని రాసింది.