పొడి దాణా

మా దొడ్డిలో దూడను పెంచిన పాపాన ఎవరూ పోలేదు. దబీర్‌పురా స్టేషన్ వెనక ఇరుకు గల్లీలో పాల దందా చేసేవాడికి దూడ అంటే దండగ తిండి. ఈనిన బర్రెను కొనుక్కురావాలి, పిండుకోవాలి, ఒట్టిపోతే అమ్మేయాలి. మా నాయన చేసింది అదే. బడి మానేసి నేను నేర్చుకున్నదీ అదే. ఈ పద్ధతిని నా భార్య రుక్మాబాయి చెడగొట్టింది. మన దొడ్లో పుట్టింది మన దొడ్లోనే ఈనాలని ఇంకా ఈనని ఒక పడ్డను పట్టుకుని కూర్చుంది. ఆ బర్రెపడ్డ తప్ప ఆమెకు ఈ ఇంట్లో తనదంటూ ఏమీ లేనట్టు చూసేది.

ఆమెకు నా తమ్ముడు మహేందర్ తోడయ్యాడు. పశువుల మేత మీద ఏదో ట్రైనింగుకు పోయివచ్చాడు. చార్మినార్ దగ్గర జ్యూస్ బండ్లవాళ్లు పారేసే చెరుకు పిప్పి, బత్తాయి తొక్కలు తెచ్చి ఎండబెట్టాడు. ఉస్మాన్‌గంజ్ నుంచి చింతగింజల పొట్టు మోసుకొచ్చాడు. ఊరగాయలవాళ్లు వదిలేసిన మామిడి టెంకలు పగలగొట్టి జీడి తీశాడు. అన్నీ పొడి చేసి, తవుడు, పల్లిచెక్క, బెల్లం మడ్డి కలిపి, బలానికని కొంచెం యూరియా వేసి బస్తా కట్టాడు. ఎదిగే పశువుకు ఇదొక్కటే చాలట, వేరే గడ్డి కూడా అక్కర్లేదట.

"చెత్తకుండిని బస్తాల కట్టినవు గదరా," అన్నాను.

"నువ్వు ఎన్నన్న అను అన్నా. గానీ దీన్ని తడపొద్దు. పొడిగనే పెట్టాలె. వదినె, నువ్వు గూడ ఇను. యూరియా నీళ్లల్ల కరిగి ఒక్కసారే కడుపులకు పోయిందంటే పాణం తీస్తది."

మా దొడ్డిలో గోలెంలో, అంటే నీళ్ల తొట్టిలో, నానకుండా దాణా ఏనాడూ పశువు నోటికి పోలేదు. పొడిది పెడితే వేడి చేస్తుందని మా అమ్మ చెప్పేది. రుక్మకు అత్త చెప్పిందే చట్టం. మహేందర్ మాటకు తలూపింది గాని, ఆ ఊపులో నాకు నమ్మకం కుదరలేదు.

పడ్డ ఆ దాణాను మూతితో నెట్టేసేది. "నీ ముద్దుబిడ్డకు బిర్యానీ పెట్టు," అని ఆ పొద్దున కూడా అని పోయాను.

మధ్యాహ్నం హోటళ్లకు పాలు పోసి వచ్చేసరికి పడ్డ కట్టుగొయ్య దగ్గర వణుకుతోంది. మూతి నుంచి నురగ కారుతోంది. పళ్లు పటపట కొరుకుతోంది. భుజాల మీద తోలు దానంతటదే అదురుతోంది. ఎడమ డొక్క ఉబ్బి ఉంది. రుక్మ నూనె గిన్నె, వెదురు గొట్టం పట్టుకుని నిలబడింది.

"గ్యాసు పట్టింది. నూనె పోద్దాం, మెడ పట్టు."

నేను మెడ పట్టలేదు. మహేందర్‌కు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాను. నేను చెప్పింది విని వాడు ఒకటే అడిగాడు.

"తడిపిన్రా?"

రుక్మ వైపు చూశాను. "లే," అంది.

"సూటిగ చెప్పు," అన్నాను.

"లేదంటి గద. నాకు చెవులు లేవా?"

"తడపకుంటె ఇంకేందో ఉన్నది," అన్నాడు మహేందర్. "తొక్కలల్ల ప్లాస్టిక్ గిట్ల పోయిందేమో. నేను డాక్టర్‌కు ఫోన్ చేస్త. అప్పటిదాక నోట్లె ఏమీ పొయ్యకున్రి."

"ఒకవేళ తడిపితే?"

"తడిపితే డాక్టర్ దాక ఆగేది లేదు. సల్లటి నీళ్లు, సిర్కా తాపాలె. లేట్ అయితే పోతది."

గోలెం గోడవారగా బోర్లించి ఉంది. ఎండాకాలంలో అది పగలంతా నీళ్లతో నిండి ఉండాలి. కింద నేల తడిగా ఉంది. అంచుకు చెరుకు పిప్పి నలుసులు అంటుకుని ఉన్నాయి. నా చూపు ఎటు పోయిందో రుక్మ చూసింది. చూసి నూనె గిన్నెలోకి తల వంచుకుంది.

మళ్లీ అడిగితే మళ్లీ లేదంటుంది. నా నోరు ఎట్లాంటిదో ఆమెకు తెలుసు. ఈ లోపల పడ్డ ముందు మోకాళ్లు మడిచి కూలబడింది.

"నేనే తడిపిన్రా," అన్నాను ఫోన్‌లో. "తింటలేదని నేనే నానవెట్టిన."

రుక్మ నూనె గిన్నె పక్కన పెట్టేసింది.

"నువ్వు మనిషివేనా అన్నా? ఎన్నిసార్లు చెప్పిన?"

"తర్వాత తిట్టు. సిర్కా ఎంత పొయ్యాలె?"

"దొరికినంత తే. అంతలోపు వదినెను సల్లటి నీళ్లు తాపమను. తల మీదికి లేపొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. నేనొస్తున్న."

సిర్కా కోసం, అదే ఊరగాయల్లో పోసే వెనిగర్ కోసం, గల్లీ చివర అచారు దుకాణానికి పరుగెత్తాను. "సిర్కా హై క్యా భాయ్? జిత్తా హై ఉత్తా దేదో," ఉన్నదంతా ఇమ్మన్నాను.

"ఇత్తా సిర్కా? కాయ్కా అచార్ డాల్‌రై?" ఇంత సిర్కాతో ఏం ఊరగాయ పెడుతున్నావని అడిగాడు.

"భైంస్ కు పిలానా," బర్రెకు తాపాలన్నాను.

"భైంస్ కా అచార్?" అని నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. సీసాలన్నీ గోనెసంచిలో వేసి ఇచ్చాడు.

రుక్మ పడ్డ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గొట్టంలోంచి సిర్కా నీళ్లు పోశాను. సగం నా లుంగీ మీదే పోయింది. మిగిలింది మింగుతోందో లేదో తెలియలేదు. గొంతు మీద చేయి పెట్టి, "మింగుతంది," అంది రుక్మ. మళ్లీ పోశాను. కాళ్లు కొట్టుకున్నాయి. ఒకసారి కన్ను తేలేసింది. రుక్మ దాని చెవిలో ఏదో అంటూనే ఉంది, నాకు వినిపించలేదు.

చివరికి ఒక పెద్ద తేన్పు వచ్చింది. ఆ కంపుకు కళ్లు మండాయి. మరొకటి వచ్చింది. డొక్క మీద చేయి వేస్తే ఇందాకటి బిగువు లేదు. తోలు అదరడం తగ్గింది.

మహేందర్ స్కూటర్ ఆపి లోపలికి వస్తూనే అందుకున్నాడు. "నీకు సదువు లేదు సరే, ఇన్న మాటన్న యాదుండాలె గద. రేపటి సంది దీని దగ్గరికి వచ్చినవంటె చూడు."

వాడు నాకన్నా చిన్నోడు. నన్ను ఇట్లా అన్నవాడిని నేను ఊరికే వదలను. గొట్టం కడుగుతూ కూర్చున్నాను.

"తడిపింది నేను, మహేందర్," అంది రుక్మ. చీర కొంగుతో పడ్డ మూతి తుడుస్తోంది.

వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి అన్న..."

"ఆయనకు గోలెంల దాణా ఎట్ల నానవెడ్తరో గూడ తెల్వది. ఎన్నడన్న పెట్టిండా?"

అనవలసినవన్నీ నా నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. అంతలో పడ్డ వెనక కాళ్లు కూడగట్టుకుని లేవబోయి జారింది. పోయి తోక మొదలు పట్టి ఎత్తాను, మహేందర్ భుజం కింద చేయి వేశాడు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. తూలింది గాని పడలేదు.

"బస్తా తీస్కపోవాల్నా?" అన్నాడు మహేందర్ మెల్లగా.

"ఉండనియ్యి. రేపు పొడిగ నేనే పెడ్త," అన్నాను.

"రేపు గాదు. దాని పొట్ట కుదుటపడాలె."

"కుదుటపడ్డంకనే పెడ్త. తొందరేమున్నది?"

రుక్మ నా వైపు చూడలేదు. "దాణా దూరంగ పెట్టాలె, నీళ్లు దూరంగ పెట్టాలె," అంది. "రెండూ ఒక్కకాడ పెడితె పడ్డనే కలుపుకుంటది."