మంగతాయారు ఇల్లు లారీ దిగిన రోజు

నేను ఒక రసమట్టాన్ని. తాపీ మేస్త్రి సంచిలో తాపీకీ దారపు ఉండకీ మధ్య పడుకుని ఊరూరూ తిరిగే టేకు చెక్క ముక్కని. నా నడుం మీద ఒక గాజు గొట్టం, అందులో పచ్చటి ద్రవం, ఆ ద్రవంలో ఒక బుడగ. ఆ ద్రవం సారాకి దగ్గర చుట్టం. కాబట్టి పుట్టిన దగ్గర్నుంచీ నేను కాస్త నిషాలోనే ఉంటాను, దాచిపెట్టడం దేనికి? తాగినవాడి మాట లోకంలో ఎవరూ నమ్మరు గానీ ఇల్లు కట్టేవాడు నా మాట నమ్మి తీరాలి. బుడగ రెండు గీతల నడుమ నిలబడితే నేల సమంగా ఉన్నట్టు. లేదంటే ఎటు ఎత్తుంటే అటు పరిగెడుతుంది. నా చదువంతా అంతే.

నన్ను చేసింది రాజమండ్రి వడ్రంగి ఒకాయన. కొన్నది ఒక కాంట్రాక్టరు. ఇంజనీరు వస్తున్నాడంటే చాలు, ఆయన నా కింద సిగరెట్టు పెట్టె అట్ట మడిచి దూర్చేవాడు. బుడగ బుద్ధిగా మధ్యకొచ్చేది, గోడ మాత్రం ఒంకరగానే ఉండేది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమిటంటే, మనుషులకి నిజం అక్కర్లేదు, నిజం చెప్పినట్టు కనబడితే చాలు. ఆయన వ్యాపారం మూసేశాక తాపీ మేస్త్రి నూకరాజు చేతికొచ్చాను. నూకరాజు మంచివాడు. రోజూ నా మొహం తుడిచేవాడు, అదీ తన మొహం తుడుచుకున్న తువ్వాలుతోనే.

ఇక మంగతాయారు సంగతి. ఆవిడ జాకెట్లు కుడుతుంది, భర్త గవర్రాజు స్కూలు బస్సు తోలతాడు. పెళ్ళయినప్పట్నుంచీ అద్దె గదులే. ఒక ఇంటావిడ కుట్టుమిషను చప్పుడుకి తల నొప్పి వస్తోందని ఖాళీ చెయ్యమంది. ఇంకో ఇంటాయన ఎండుచేపల వాసన తన పూజగది దాకా వస్తోందని ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకొకాయన కారణం కూడా చెప్పలేదు, తాళం మార్చేశాడు. ఇలా విసిగి విసిగి ఉండగా, హైవే పక్కన ఒక యార్డులో ఇనప పెట్టెల్లాంటి ఇళ్ళు ఆవిడ కంటబడ్డాయి. రెండు గదులు, కిటికీలు, వంటగట్టు అన్నీ బిగించి లారీ మీద తెచ్చి దింపుతారు. కొవ్వూరు దగ్గర కాలవ పక్కన అన్న వీరాస్వామికి ఖాళీ జాగా ఉంది. "వాడుకో చెల్లెమ్మా" అన్నాడాయన.

"జాగా ఉందిగా, ఇటుకలతో కట్టుకోవచ్చుగా" అని, నూకరాజుకి జాగా చూపిస్తూ గవర్రాజు అంటే మంగతాయారు నవ్వింది.

"మా అన్నయ్య మంచోడే. మా వదినా మంచిదే. కానీ ఇద్దరికీ ఒకేరోజు మంచి బుద్ధి ఉంటుందని ఎవరు చెప్పగలరు? రేపు లెమ్మంటే ఇల్లు కూడా ఎత్తుకుపోతాను."

నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

జాగా తయారు చెయ్యడం నూకరాజు పని. సర్కారు తుమ్మ కొట్టించాడు. నల్లరేగడి పైపొర తీయించి ఎర్రమట్టి పోయించాడు, నీళ్ళు చల్లించి దిమ్మిస కొట్టించాడు. ఇంటిని మోయడానికి సిమెంటు దిమ్మెలు పోయించాడు, ఆరేదాకా వాటిమీద తడి గోనెలు కప్పాడు. దిమ్మె దిమ్మెకీ నన్ను ఎక్కించి చూశాడు. ప్రతిచోటా బుడగ మధ్యలో నిలబడింది. నా జన్మలో అంత సొంపైన నేల చూడలేదు. ఆనందంతో నాకు నిషా ఇంకాస్త ఎక్కింది.

ఇల్లు వచ్చే రోజు పొద్దున్నే అందరూ చేరారు. పాత గదిలో కొత్తవాళ్ళు అప్పుడే సామాను దింపేసుకున్నారు. మంగతాయారు మిషనూ, మంచమూ, స్టవ్వూ తుమ్మ మోడు పక్కన ఎండలో ఉన్నాయి. వీరాస్వామి ఫోనులో దిక్కులు చూసి, "నైరుతి ఎత్తుండాలి, ఈశాన్యం పల్లముండాలి. లేకపోతే కొంపలో మనిషి నిలవడు" అన్నాడు.

"అయ్యా, ఇది ఇనప పెట్టె. కాస్త ఒంపొచ్చినా తలుపు పట్టదు. దిమ్మెలన్నీ ఒక్క మట్టంగా ఉండాలి" అన్నాడు నూకరాజు. అందరూ తలూపారు. నూకరాజు నన్ను నైరుతి దిమ్మె మీది గోనెపై పెట్టి టీకి వెళ్ళాడు.

ఇహ చూడండి తమాషా. ముందు వీరాస్వామి వచ్చాడు. అటూ ఇటూ చూసి, నన్నూ గోనెనీ ఎత్తి, ఒక ఇనప ప్లేటు దూర్చి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. తర్వాత గవర్రాజు. ఉన్న ప్లేటు మేస్త్రి వేసిందే అనుకుని దానిమీద ఇంకోటి పెట్టాడు. ఆ తర్వాత మంగతాయారు. పసుపు రాసిన కడప రాయి ముక్క కొంగులోంచి తీసి, వాటిమీద పెట్టి, "ఇక్కణ్ణుంచి మాత్రం నన్ను లేవనివ్వకు తల్లీ" అని నేలకి మొక్కింది. తప్పు చేస్తోందని తెలిసినా నాకు జాలేసింది. ఆఖర్న నూకరాజు. క్రేను హారను వినబడగానే పరిగెత్తుకొచ్చి, కిందేముందో చూడకుండా గోనె కిందికి ఒక రేకు తోశాడు. "రేపు వీళ్ళకి జలుబు చేసినా మేస్త్రి చెయ్యి మంచిది కాదంటారు" అని గొణుక్కున్నాడు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా నేను ఆకాశానికి కాస్త దగ్గరవుతున్నాను. చెబుదామంటే నాకు నోరు లేదు, ఉన్నది కన్నే.

నూకరాజు నన్ను తీసి చేత పట్టుకున్నాడు, క్రేను ఇంటిని గాల్లోకి లేపింది. ఆకుపచ్చ ఇల్లు కాలవ మీద ఒక చుట్టు తిరిగి వచ్చి దిమ్మెల మీద వాలింది. వాలి, ఊగింది. గవర్రాజు కుడికాలు లోపల పెడితే టక్కుమని ఇటు వంగింది, ఎడంకాలు పెడితే టక్కుమని అటు వంగింది. దిష్టికి తెచ్చిన గుమ్మడికాయ రెండు గదులూ చూసొచ్చి ఈశాన్యం మూల కూచుంది. తలుపు మూస్తే తెరుచుకుంటోంది. చూడ్డానికొచ్చిన జనం పడీపడీ నవ్వారు. నన్ను ఇంట్లో నేల మీద పెడితే నా బుడగ నైరుతికి పరిగెత్తిన పరుగుకి నాకే కళ్ళు తిరిగాయి.

మంగతాయారు మాత్రం నవ్వలేదు.

"ఊగే ఇంటిని వదిలి పోలేనమ్మా. ఇంకొక్కసారి ఎత్తుతాను. కూచుంటే సరి, లేకపోతే లారీ ఎక్కించి యార్డుకే" అన్నాడు క్రేను ఆపరేటరు.

ఇల్లు మళ్ళీ లేచింది. నూకరాజు గోనె లాగేసరికి గుట్టు బయటపడింది. ఒక్కొక్కటీ తీసి పారేస్తుంటే ఒక్కొక్కరి మొహం నేలకి దిగింది. చివరికి తన రేకు దగ్గరికి వచ్చి తనే తల గోక్కున్నాడు. అన్నీ తీశాక చూస్తే, ఆ బరువుకి దిమ్మె పైపొర చిట్లి కిందికి దిగిపోయింది. ఇప్పుడు అదే మూల పల్లం. ప్లేట్లన్నీ పేర్చినా చాలలేదు, రాయి కలిపితే ఎక్కువైంది. ఆపరేటరు హారను కొట్టాడు. ఇల్లు గాల్లో వేలాడుతోంది, మంగతాయారు దానివంక తలెత్తి చూస్తోంది, కళ్ళనిండా నీళ్ళు.

నూకరాజు చేతిలో ఉన్నది నేనే. నావంక చూశాడు, దిమ్మెవంక చూశాడు. "పోనీలే" అని నన్ను దిమ్మె మీద పెట్టేశాడు.

ఇల్లు నా మీద దిగింది. అబ్బో, ఆ బరువు! పాత టేకు కాబట్టి ఓర్చుకున్నాను. నా ఒక కొస దూలం కింద ఉంది, గాజు కన్ను బయటికుంది. బుడగ కొట్టుకుని కొట్టుకుని సరిగ్గా మధ్యన ఆగింది. గవర్రాజు లోపల గెంతి చూశాడు. ఇల్లు ఉలకలేదు. తలుపు వేస్తే పడింది.

పాలు పొంగించారు. ఈశాన్యానికి పొంగుతాయా లేదా అని వీరాస్వామి గిన్నె మీదికి వంగాడు. ఇల్లు మరీ సమంగా కుదిరింది కదా, గిన్నెకి నాలుగు పక్కలా ఒక్కసారే పొంగాయి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాలుగు దిక్కులూ నావే" అంది మంగతాయారు, పాలు తుడుచుకుంటూ.

కొన్నాళ్ళకి నూకరాజు జాకీ, నా బదులు దూర్చడానికి ఒక ఇనప దిమ్మ పట్టుకుని నా కోసం వచ్చాడు. మంగతాయారు మెట్టు మీద కూచుని కాజాలు కుడుతోంది. సంగతి విని వంగి, నన్ను చూసింది. నా బుడగ మధ్యలోనే ఉంది.

"దాన్ని ఉండనీ మేస్త్రీ" అంది.

ఇన్నేళ్ళలో ఏ ఇంటివాళ్ళూ ఆవిడతో అనని మాట అది. సొంత ఇల్లు వచ్చాక ఆవిడ ఆ మాట మొదట నా గురించే అంది.