తల వైపు

మార్చి పధ్నాలుగు, గురువారం. ఆ రోజు నేను తిన్నది గోరువెచ్చని పాలలో మెత్తబడేదాకా నానబెట్టిన రెండు బ్రెడ్డు ముక్కలు. అంతకు మించి నోరు తెరుచుకోలేదు. పొద్దున్నే నా కింది పెదవి చిట్లింది.

మామయ్యగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఇద్దరం కలిసి ఎత్తుతాం. తల వైపు నేను, కాళ్ల వైపు మా ఆయన. ఎవరు ఎటు అని ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొదటిరోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే ఉండిపోయాం. ఆయన "ఒకటి, రెండు, మూడు" అంటారు. మూడుకి లేపాలి. కానీ బరువంతా భుజాల దగ్గరే కాబట్టి నేను రెండుకే మొదలుపెడతాను. ఆ సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు. ఆ పొద్దున "రెండు" అనగానే మా ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన కాళ్లు వదిలేసి ఫోను తీశారు. మామయ్యగారు మొత్తంగా నా మీదికి ఒరిగారు. ఆయన తల వచ్చి నా నోటికి తగిలింది.

ముందు ఆయన్ని సరిగ్గా పడుకోబెట్టి, దిండు సర్ది, ఆ తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లాను. చల్లటి నీళ్లతో కడుక్కుని, ఉతికిన చేతిరుమాలు మడిచి పది నిమిషాలు అదిమిపట్టాను. నెత్తురు ఆగిందో లేదోనని మధ్యలో తీసి చూడకూడదు. పన్ను కదులుతోందేమోనని నాలుకతో తోసి చూసుకున్నాను. గట్టిగానే ఉంది, అదొక అదృష్టం. కుట్లు పడేంత లోతూ లేదు. ఐసుముక్క గుడ్డలో చుట్టి ఆనించుకుంటే కాసేపటికి పెదవి నాది కానట్టయింది. ఆ మొద్దుబారడం నాకేమీ కొత్తగా అనిపించలేదు. ఫోను ముగించుకుని వచ్చిన ఆయన "కాఫీ ఇంకా పెట్టలేదా?" అన్నారు. తర్వాత నా మొహం చూసి, "అయ్యో, చూసుకోవాలి కదా" అన్నారు.

నేను కరెంటు ఫిర్యాదులు తీసుకునే ఆఫీసులో పనిచేస్తాను. రోజంతా ఫోన్లో మాట్లాడటమే పని. "మీ మీటరు నంబరు చెప్పండి" అనడానికి పెదవులు ఎన్నిసార్లు కలవాలో ఆ రోజే తెలిసింది. పక్క సీటు అమ్మాయి కాసేపు విని, "అక్కా, నువ్వు మీటరంటే నీటరని వినపడుతోంది. కుళాయి రావట్లేదని చెప్పుకుంటారు జనం" అని నవ్వించబోయింది. నవ్వితే మళ్లీ నెత్తురొచ్చింది. "నవ్వకు తల్లీ, నవ్వకు" అంటూ నా కాల్స్ సగం తనవైపు మళ్లించుకుంది. మధ్యాహ్నం ఎక్కణ్ణించో ఒక స్ట్రా తెచ్చి నా గ్లాసులో వేసింది.

సూపర్‌వైజర్ మేడం గదిలోకి పిలిచి తలుపు వేసింది. "ఎవరు చేశారు?"

"మామయ్యగారి తల తగిలిందండీ."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బాత్రూంలో జారానన్నవాళ్లని చూశాను, గోడకి గుద్దుకున్నానన్నవాళ్లని చూశాను. మామగారి తల మాత్రం ఇదే వినడం. చూడమ్మా, మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఎప్పుడైనా రావచ్చు. కారణం చెప్పక్కర్లేదు."

పెళ్లయి ఇరవై రెండేళ్లు. నీకో గది ఉందని ఎవరూ అనలేదు. మరొకరికి రావలసిన ఉత్తరం పొరపాటున నా చేతికి వచ్చినట్టుంది. తిరిగి ఇచ్చేయాలని తెలుసు. కాసేపు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి మా ఆయన గేటు దగ్గరికి వచ్చారు. పక్క సీటు అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి పలకరించకుండా వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక మొదలైంది.

"నన్నేదో రాక్షసుణ్ణి చూసినట్టు చూస్తోంది. ఏం చెప్పావు వాళ్లకి?"

"జరిగిందే చెప్పాను."

"ఎవరు నమ్ముతారు? ఏనాడైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"మరి? మానేదాకా సెలవు పెట్టు. సోమవారం నుంచి పది రోజులు. నాన్నకీ తోడుంటావు."

అన్నీ ఆలోచించే అన్నారు. ఆయన లెక్కలో ఆ ఇంట్లో చిట్లింది ఆయన పరువు. దాన్ని మాన్పడానికి నేను ఇంట్లో కూర్చోవాలి. ఉప్పునీళ్లతో పుక్కిలించి, పెదవికి కాస్త నెయ్యి రాసుకుని పడుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మామయ్యగారు నీళ్లు తాగనన్నారు. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించారు. గొంతులో ఏమైనా అడ్డుపడుతోందేమోనని కంగారుపడ్డాను. రెండు రోజులుగా చాలా తక్కువ తాగుతున్నారని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కుర్చీకేసి చూశారు, నా నోటికేసి చూశారు. నీళ్లు తాగితే లేపి బాత్రూంకి తీసుకెళ్లాలి. అందుకని మానేశారు. జబ్బు చేశాక ఆయనకు మిగిలినవి నాలుగైదు మాటలు. వాటిలో ఒకదాని కోసం చాలాసేపు వెతుక్కున్నారు.

"నొప్పా?"

నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే.

"నొప్పేనండీ, మామయ్యగారూ" అన్నాను. ఎవరడిగినా "ఫర్వాలేదు" అనేసే నోరు నాది. "మీరు తాగండి. లేపడం సంగతి నేను చూసుకుంటాను."

గ్లాసు పూర్తిగా తాగారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఆయన్ని కుర్చీలోంచి మంచం మీదికి మార్చాలి. నేను వెళ్లి కాళ్ల దగ్గర నిలబడ్డాను.

"ఇదేంటి? అటు వెళ్లు" అన్నారు మా ఆయన.

"తల వైపు మీరు."

"నాకలవాటు లేదు కదా."

"నాకూ ఉండేది కాదు."

నేను కదలకపోయేసరికి కుర్చీ వెనక్కి వెళ్లి తండ్రి చంకల కింద చేతులు పెట్టారు. లెక్క నేనే పెట్టాను. మూడనగానే లేపాం. మా ఆయన మెడ మీద నరాలు ఉబ్బాయి. మంచం మీదికి చేర్చాక ఊపిరి పీల్చుకుని, "ఇంత బరువుంటారా?" అన్నారు. ఎవరినడిగారో తెలియదు. మామయ్యగారు పైకప్పుకేసి చూస్తూ పడుకున్నారు.

రెండేళ్లుగా నేను పడుకుంటున్న మడతమంచం ఆ గదిలోనే ఉంది. దాని మీంచి నా దిండు తీసుకున్నాను.

"ఒంటిగంటకోసారి, నాలుగింటికోసారి పక్కకి తిప్పాలి. వీపుకి రాసే పౌడరు కిటికీలో ఉంది."

"నువ్వెక్కడికి?"

"ముందుగదిలో పడుకుంటాను. పొద్దున ఆఫీసుంది."

"సెలవు పెట్టమన్నాను కదా! అక్కడ వాళ్లడిగితే?"

"మీరు కొట్టలేదని చెప్తాను. ఫోను మోగిన దగ్గర్నుంచీ చెప్తాను."

ఆయన చెయ్యి ఇంకా తండ్రి భుజం కిందే ఉండిపోయింది. తీసుకోవడం ఎలాగో తెలియక అలాగే వంగి నిలబడ్డారు. మామయ్యగారు ఉలిక్కిపడకుండా, గడియ చప్పుడు చెయ్యకుండా, నెమ్మదిగా తలుపు మూశాను.