వచ్చినవాళ్లకో సంచి

"రిటర్న్ గిఫ్టు ఏమిస్తాండావు?" అని అత్తగారు భాగీరథమ్మ అడిగినప్పుడు నళిని బెండకాయలు తుడుస్తోంది. కాయ తడిగా ఉంటే కూర జిగురవుతుంది. జిగురైతే భర్త దేవరాజ్ కంచంలోకి తొంగి చూసి, "ఇది తినేదా, కవర్లు అతికించేదా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నళినీ నవ్వుతుంది. ఆ నవ్వొకటి తప్పించుకుందామని ఒక్కో కాయనీ చంటిపిల్లకి నీళ్లు పోసి తుడిచినంత ఓపికగా తుడుస్తోంది.

"ఈసారి ఇవ్వడం లేదు అత్తా."

భాగీరథమ్మ టీవీ గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో టీవీ గొంతు తగ్గిందంటే ఎవరికో మూడిందని అర్థం. ఆ ఎవరో ఎప్పుడూ ఒక్కరే కాబట్టి నళిని అన్నం కింద మంట తగ్గించి నిలబడింది.

"ఇచ్చేది లేదా? ఎవురు చెప్పిరి నీకు?"

ఎవరూ చెప్పలేదు. అదే కదా అసలు సంగతి. కుందలహళ్లిలో వాళ్లుండే అపార్ట్‌మెంట్లో పిల్లల పుట్టినరోజులు జాతరల్లా తయారయ్యాయి. ఒకరు రంగుపెన్సిళ్లు ఇస్తే ఇంకొకరు నీళ్ల సీసా, వాళ్లని మించి మరొకరు బ్యాగు. కింది అంతస్తు నేత్రావతి ఒకరోజు తల్లుల గ్రూపులో, "మా ఇంట్లో ఇప్పుడు మనుషులకన్నా రిటర్న్ గిఫ్టులు ఎక్కువ ఉండాయి, ఇంక నిలపండమ్మా" అని రాసింది. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. మరి మొదట మానేదెవరు అన్నచోట గ్రూపు గ్రూపంతా మూగబోయింది. అప్పుడు నళిని రాసింది: మా శ్రీజ పుట్టినరోజుకి నేను మొదలుపెడతాను. పంపాక ఫోను బోర్లా పెట్టి, కాసేపు ఒంటరిగా నవ్వుకుంది. ఒక మాట తనంతట తానే అని, దాని మీద తాను నిలబడి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

"బయటనించి వచ్చినదానికి ఈ ఇంటి పద్ధతి యాడ తెలుస్తాది," అంది భాగీరథమ్మ, టీవీకి చెబుతున్నట్టు. "మా కె.ఆర్.పురంలో గొడ్లని కొనేకి వచ్చినోడికి కూడా ఆకు వక్క ఇచ్చి పంపిస్తా ఉంటిమి. వచ్చినోళ్లని వట్టి చేతుల్తో పంపేది మా వంశంలోనే లేదు."

బయటనించి వచ్చినది. పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే కంచం ముందు నుంచి లేచిపోయేది. తర్వాత అలవాటైంది. హిందూపురం నుంచి వచ్చింది నిజమే కదా అని సర్దిచెప్పుకుంది. కానీ ఆవిడా ఎప్పుడో చింతామణి నుంచి కోడలిగా వచ్చిందే కదా, ఆవిడ ఎప్పటికి లోపలి మనిషి అయిందో, ఎవరు చేశారో అడగాలని మాత్రం మనసులో ఉండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ దేవరాజ్ ముందుకొచ్చింది. దేవరాజ్ చెడ్డవాడని ఎవరైనా అంటే నళినే ఒప్పుకోదు. చెయ్యెత్తడు, గొంతెత్తడు, తాగడు. నవ్విస్తాడు. అపార్ట్‌మెంట్లో ఆయన లిఫ్టులో ఉంటే జనం తమ అంతస్తు వచ్చినా దిగరు. ఆ నవ్వుల సరుకంతా ఎక్కడ తయారవుతుందో వాళ్లకి తెలీదు. నళిని వంట, నళిని ఇంగ్లీషు, నళిని స్కూటరు నడిపే తీరు, నళిని వాళ్ల నాన్న గురక.

"నీ ఇష్టం," అన్నాడు దేవరాజ్. "నేనేమన్నా అడ్డం వస్తినా? అమ్మ పెద్దది, ఆమె మాట ఆమెది. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట నీది. నాదేముంది, నేను గెస్టును."

నీ ఇష్టం అనే మాట ఆ ఇంట్లో తాళం వెయ్యని బీరువా లాంటిది. ఎవరైనా తీసుకోవచ్చు. తీసి చూస్తే లోపల ఏమీ ఉండదు.

చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు, "కానీ చూసుకో. సోమవారం సంగతి మర్చిపోవద్దు."

ఆ సోమవారం కోసమే నళిని ప్రాణాలు బిగబట్టుకుని ఉంది. శ్రీజ పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం మళ్లీ పిలిచింది. పాత మేనేజరు ప్రేమకుమారి బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్త ఆఫీసుకి మారి, "నీలాగా తప్పులు పట్టేవాళ్లు నాకు దొరకలేదు నళినీ, సోమవారం వచ్చి చేరిపో" అని ఫోన్ చేసింది. తప్పులు పట్టడమే నళిని పని. సాఫ్ట్‌వేర్ పరీక్షించి, ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పడం. ఆ ఫోను వచ్చిన రోజు తోమిన గిన్నెలే మళ్లీ తోమింది, చేతులు ఊరుకోక.

దేవరాజ్ వద్దనలేదు. వద్దనే మనిషి కాదు. "శనివారం పాప పుట్టినరోజు కానివ్వు. ఇల్లు, పిల్ల, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, అన్నీ నువ్వు చూసుకోగలవని ఒకసారి చూపించు. చాలు. సోమవారం నేనే బండి మీద దిగబెడతా" అన్నాడు. నళినికి అది పరీక్ష అని అర్థమైంది. పరీక్షలంటే ఆమెకి ఎప్పుడూ భయం లేదు. ఎంత చదివితే అంత మార్కులనే నమ్మకం ఆడపిల్లలకి ఎవరు నేర్పుతారో గానీ, చాలా గట్టిగా నేర్పుతారు.

రిటర్న్ గిఫ్టులు వద్దని మొండికేస్తే అత్తగారు కంచం వదిలేస్తుంది. కె.ఆర్.పురం చుట్టాలకి ఫోన్లు పోతాయి. ఇప్పుడే ఇట్లుంటే, రేపు జీతం చేతికొస్తే ఎట్లుంటాదో అంటారు. సోమవారం కొండెక్కుతుంది. ఒక మాట పోయినా ఒక ఉద్యోగం దక్కుతుంది కదా అని నళిని లెక్క వేసుకుంది. మర్నాడు పొద్దున, "సరే అత్తా, ఇద్దాం" అంది.

భాగీరథమ్మ గెలిచిన ముఖం పెట్టలేదు. గెలవడం ఆవిడకి కొత్త కాదు. "సజ్జ మీద మూట ఉండాది, దించు," అంది.

స్టూలు ఎక్కి మూట దించి విప్పితే పసుపు రంగు గుడ్డసంచులు. ఒక్కో దాని మీద వినాయకుడు, వినాయకుడి కింద ఆకుపచ్చ అక్షరాలు: దేవరాజ్ – నళిని, శుభవివాహము. పెళ్లికి వచ్చినవాళ్లకి తాంబూలం పెట్టి ఇవ్వడానికి కొట్టించిన సంచులు. రిసెప్షన్ నాడు వాన ముంచేసి, రోడ్లు చెరువులై, సగం మంది రాలేదు. ఆ రానివాళ్ల సంచులన్నీ ఇన్నేళ్లూ సజ్జ మీద పడుకుని ఉన్నాయి.

"అత్తా, ఇవి పెళ్లివి. పుట్టినరోజుకి ఎట్లా ఇస్తాం?"

"ఏం, పెళ్లి కాకుండానే పుట్టిందా నీ బిడ్డ?" అంది భాగీరథమ్మ. లోపలి గదిలోంచి దేవరాజ్ నవ్వు వినిపించింది.

పిల్లలకి రంగుపెన్సిళ్లు, చాక్లెట్లు. వెంట వచ్చే తల్లులకి ఆకు వక్క, రవిక గుడ్డ. ఇద్దరికీ కలిపి ఒక టెంకాయ. రవిక గుడ్డలు నళిని బీరువాలోవే. ఆమె సీమంతానికి వచ్చినవి, శ్రీజ పేరు పెట్టినప్పుడు వచ్చినవి. వాటిలో ఒక నెమలికంఠం రంగు గుడ్డ తన కోసం అట్టిపెట్టుకుంది. కుట్టించుకునే తీరిక రాలేదు. అదీ పోయింది. "నువ్వు కుట్టించుకునేది లేదు, కట్టుకునేది లేదు," అని అత్తగారే దాన్ని సంచిలో వేసింది.

శుక్రవారం నేత్రావతి ఫోన్ చేసింది. "ఏమ్మా నళినీ, మీ అత్త వాకింగులో చెప్తా ఉంది, ఒక్కొక్క సంచిలో టెంకాయ కూడా అంట కదా. మా బాబు పుట్టినరోజు వచ్చే వారమే. నిన్ను నమ్మి నేనేమీ కొనలేదు. ఇప్పుడు నేను ఏమిచ్చేది, గుమ్మడికాయా?" నవ్వుతూనే అంది. నళిని నవ్వడానికి నోరు తెరిచింది. నవ్వు రాలేదు. "నా చేతిలో లేదక్కా," అంది. "ఉండదులే. నా చేతిలోనూ లేదు," అని నేత్రావతి పెట్టేసింది.

శనివారం ఎలా గడిచిందో చెప్పాలంటే నళిని కాళ్లని అడగాలి. పొద్దున టెంకాయల పీచు తీసి, కడిగి, పసుపు రాసింది. చిత్రాన్నం కలిపింది. అత్తగారికి ఉప్పు లేని ఉప్మా వేరే చేసింది. బుడగలు ఊదింది. కింద అపార్ట్‌మెంటు ఫంక్షన్ హాలుకీ, పైన ఇంటికీ తిరుగుతూ, ఒకసారి లిఫ్టులో అద్దం చూసి ఎవరో అనుకుని పక్కకి జరిగింది. సాయంత్రానికి హాలంతా వెలిగిపోతోంది. దేవరాజ్ మైకు పట్టుకుని పిల్లల్ని గెంతిస్తున్నాడు. కేకు కోశారు. పాటలు పాడారు. ఎక్కడా ఏదీ విరగలేదు. తప్పులు పట్టే నళిని కంటికే ఒక్క తప్పూ దొరకలేదు. గుండెలో ఎక్కడో ఒక మూల సోమవారం కదిలింది. ఏ చుడీదార్ వేసుకోవాలో కూడా అనుకుంది.

సంచులు పంచే వేళ శ్రీజ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లంతా వరుసలో వచ్చి తీసుకుంటున్నారు. పిల్లలు టెంకాయల్ని చూసి మురిసిపోయి లిఫ్టు ముందు దొర్లించుకుంటున్నారు. కూతురి పెద్దరికం చూసి ముచ్చటేసి నళిని కూడా వరుసలో నిలబడి చెయ్యి చాపింది. "నాకో?"

శ్రీజ కొంచెం ఆలోచించింది. "వచ్చినవాళ్లకే అమ్మా. నువ్వు రాలేదు కదా. నువ్వు ఇక్కడే ఉంటావు."

వెనకున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నళినీ నవ్వింది, చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తోచక కూతురి జుట్టు సవరించింది.

అప్పుడే దేవరాజ్ మైకులో గొంతు సవరించుకున్నాడు. "ఒక్క నిమిషం అందరూ. ఇదంతా చేసింది నేను కాదు. నేను నోరు మాత్రమే. చేతులు ఆమెవి. రా నళినీ, ఇట్లా రా." నళిని వెళ్లింది. భుజం మీద చెయ్యి వేశాడు. "ఈమె ఏమనిందో తెలుసా? సోమవారం నుంచి ఆఫీసుకి పోతా అనింది. సరే, ఒకసారి ఇల్లు ఎట్లా నడుపుతావో చూపించు అంటి. చూపించేసింది. ఇప్పుడు మీరే చెప్పండి, ఇంత బాగా నడిపే మనిషిని ఎవుడైనా బయటికి వదులుతాడా? అందుకే ప్రేమకుమారి మేడమ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పేసినా. మా హోమ్ మినిస్టర్ రాజీనామా చేసేది లేదు మేడమ్, వేరేవాళ్లని చూసుకోండి అని."

హాలు చప్పట్లతో అదిరింది. ఆ చప్పట్లలో తన చప్పట్లు కూడా ఉన్నాయని నళినికి చేతులు మండితే గానీ తెలీలేదు. పరీక్షలో ఓడిపోతే చేతకాదని ఆపేవాళ్లు. గెలిస్తే చేతనైందని ఆపారు. అసలు ఆ ప్రశ్నపత్రంలో ఆమె వెళ్లే జవాబు ఎక్కడా లేదు. ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పడం తన పని అనుకునేది. ఇంత కనిపించే చోట చూడలేకపోయింది.

హాలు ఖాళీ అయ్యాక మెట్ల దగ్గరికి వెళ్లి ప్రేమకుమారికి ఫోన్ చేసింది. "అయ్యో, పొద్దున మీవారు అంత గట్టిగా చెప్పేసరికి మధ్యాహ్నమే ఇంకొకరికి ఇచ్చేశాం నళినీ. నువ్వే చెప్పించావనుకున్నాను," అందావిడ. నిజంగా బాధపడింది. నళిని ఆవిడనే ఓదార్చి పెట్టేసింది.

పైకి వచ్చేసరికి దేవరాజ్ సోఫాలో కాళ్లు చాపుకుని ఫొటోలు చూస్తున్నాడు.

"ఎప్పుడు చేశారు ఆ ఫోను?"

"పొద్దున. నువ్వు టెంకాయలు కడుగుతా ఉంటివి." తల ఎత్తలేదు. "నీకోసమే చేసినా నళినీ. ఆ పరుగులు నీకెందుకు? మొహం చూడు ఎట్లుండాదో, ఒక్కరోజుకే."

ఏమన్నా ఆ మాటలు రేపు లిఫ్టులో నవ్వులవుతాయని నళినికి తెలుసు. చీపురు తీసుకుంది. శ్రీజ పైకి తెచ్చిన బుడగల తునకలు ఊడ్చింది. మిగిలిన కేకు అంటిన బల్ల తుడిచింది. శ్రీజ కొత్త గౌనులోనే నిద్రపోయింది, రిబ్బను వేలికి చుట్టుకుని. నళిని ఆ వేలు విప్పుతూ చాలాసేపు అక్కడే కూర్చుంది. నువ్వు ఇక్కడే ఉంటావు. పిల్ల తప్పేం చెప్పలేదు. పిల్లలు చూసిందే చెబుతారు. ఇంకొన్నాళ్లు చూస్తే ఆడవాళ్లంటే వరుసలో చోటు లేనివాళ్లని నేర్చుకుంటుంది. పెద్దయ్యాక శ్రీజ కూడా ఎక్కడో ఒక ఇంట్లో రాకుండానే ఉండిపోతుంది.

"నళినీ, మిగిలిన సంచులు సజ్జ మీదకి ఎత్తిపెట్టు. ఇంకొక శుభానికి అయితాయి," అంది భాగీరథమ్మ ముందు గదిలోంచి.

నళిని స్టూలు ఎక్కింది. మూట పైకి నెట్టింది. దిగబోతూ ఆగి, మూటలోకి చెయ్యి పెట్టి ఒక సంచి లాగింది. కిందికి దిగి, దాన్ని దులిపి, ఆకుపచ్చ అక్షరాల మీద ముడతలు అరచేత్తో సాపు చేసింది.

"అది యాలా దించితివి?" అంది భాగీరథమ్మ. "వచ్చినోళ్లందరికీ ఇచ్చేస్తిమి కదా."

"ఒకరు మిగిలిపోయారు అత్తా."

"ఎవురు?"

దేవరాజ్ ఏదో జోకు వస్తుందని ఫోను దించి, నవ్వడానికి సిద్ధంగా ముఖం ఎత్తాడు.

"నేనే అత్తా," అంది నళిని. "నేనూ ఈ ఇంటికి వచ్చినదాన్నే కదా. పొద్దున పాపని తీసుకుని బయలుదేరతాను. ఆకు వక్క ఉంటే పెట్టండి."