తిన్నాక రెండు గంటలు

సముద్రానికి ప్రయాణమంటే హెర్మినియాకు ముందుగా గుర్తొచ్చేది సముద్రం కాదు, గిన్నె. ఆ ఆదివారం కొండమీది తమ ఊరు కార్తాగోలో పొగమంచు విడవకముందే పన్నెండు మందికి సరిపడా కోడి అన్నం వండి, పాత తువాళ్ళలో చుట్టి కారెక్కించింది. కార్లో ఉన్నదేమో నలుగురు. తను, కొడుకు ఓల్మన్, కోడలు యోర్లెనీ, ఆరేళ్ళ మనవరాలు ఫియొరెల్లా. ఆ పిల్ల సముద్రాన్ని చూడబోవడం ఇదే మొదటిసారి. ముందురోజు సాయంత్రం తొడుక్కున్న ఈతబట్టలు ఇంకా విప్పనే లేదు.

సముద్రతీరపు అడవిలో ఉన్న నేషనల్ పార్కు గేటు చేరేసరికి పన్నెండయింది. కాపలా కుర్రాడు తువాళ్ళు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"తిండి లోపలికి పనికిరాదమ్మగారూ. కోతులు మీదపడతాయి."

"వాటికి నేనెందుకు పెడతాను బాబూ? నా వాళ్ళకే చాలదు."

"మీరు పెట్టక్కర్లేదు. అవే వడ్డించుకుంటాయి."

పారబోయమనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. గేటు పక్క చెట్టునీడలో గిన్నె మూత తెరుచుకుంది. ఓల్మన్ మూడు ప్లేట్లు లాగించాడు. యోర్లెనీ రెండు తిని ఆయాసపడింది. వరసలో నిలబడ్డ రెండు కుటుంబాలకు హెర్మినియా పిలిచి మరీ పెట్టింది. చివరికి కాపలా కుర్రాడికీ ఒక ప్లేటు నిండా ముట్టింది.

"ఇప్పుడు గిన్నె లోపలికెళ్ళొచ్చు," అన్నాడతను మూతి తుడుచుకుంటూ. "మూడింటికి ఈల వేస్తాం. ఆ తర్వాత నీళ్ళలో ఎవరూ ఉండకూడదు."

అప్పటికి ఒంటిగంట.

అడవి దారి దాటి ఇసుక కనబడగానే ఫియొరెల్లా చెప్పులు విసిరేసి పరుగందుకుంది. వెనకనుంచి నానమ్మ గొంతు ఖంగుమంది. "ఆగు! తిన్నాక రెండు గంటలు నీళ్ళలో దిగకూడదు!"

ఓల్మన్ వాచీ చూసుకున్నాడు. "అమ్మా, మూడింటికి ఈల వేస్తారు."

"వేస్తే వెయ్యనీ. నిండు కడుపుతో దిగితే కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయి."

"నా చిన్నతనమంతా ఇసకలో కూచుని వాచీ చూడ్డంతోనే సరిపోయింది."

"అంత చూసీ ఒక్కచోటికీ టైముకు రారేం మరి?" అంది యోర్లెనీ.

ఫియొరెల్లా కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. "నేను తినలేదు," అంది సన్నగా. "నా ప్లేటు నాన్న తినేశాడు."

ఓల్మన్ ఆకాశంలోకి చూశాడు. ఆ మూడో ప్లేటు ఎవరిదో అందరికీ తెలిసిపోయింది.

హెర్మినియా కాస్త తడబడింది కానీ త్వరగానే తేరుకుంది. "సరే, తినకపోతే దిగొచ్చు. కానీ పెద్దవాళ్ళెవరైనా చెయ్యి పట్టుకోవాలిగా. మీ అమ్మా నాన్నా తిన్నారాయె." ఇక గొడవ వదిలిందనుకుంది.

"అత్తయ్యా," అంది యోర్లెనీ తాపీగా, "మీరేం తిన్నారు?"

పొద్దుటినుంచి వడ్డించడమే తప్ప ఆవిడ నోట్లో మెతుకు పెట్టుకోలేదు. "గరిట నాకాను," అంది.

"గరిటకి ఎన్ని గంటలమ్మా?" అన్నాడు ఓల్మన్.

హెర్మినియా అలల వైపు చూసింది. ఏడేళ్ళప్పుడు పుంతారెనాస్ తీరంలో ఒక అల ఆవిణ్ణి పడదోసి లాక్కెళ్ళింది. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ తర్వాత మడమ దాటి నీళ్ళలోకి వెళ్ళిందే లేదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఒడ్డు చేరగానే గిన్నె మూత తీయడం అలవాటు చేసుకుంది. తినేసరికి ఎండెక్కేది, రెండు గంటలు గడిచేసరికి తిరుగుప్రయాణం వేళయ్యేది. పిల్లలు పెరిగేకొద్దీ గిన్నె కూడా పెరిగింది.

మనవరాలు ఆవిడ మొహంలోకే చూస్తోంది. ఆ చూపుకు అబద్ధం చెప్పడం హెర్మినియా వల్ల కాలేదు.

"నాకు భయంరా," అంది కొడుకుతో. "సముద్రమంటే నాకు చచ్చేంత భయం."

ఓల్మన్ నవ్వలేదు. ఫియొరెల్లా మాత్రం దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. "నాక్కూడా కొంచెం భయమే నానమ్మా. గట్టిగా పట్టుకో."

హెర్మినియా లేచి గౌను ఎగదోపుకుంది. నీళ్ళు మడమ దాటాయి, మోకాలు దాటాయి. మొదటి అల తగలగానే "దేవదూతల తల్లీ!" అని బీచి అదిరేలా అరిచింది. పిల్ల పకపకా నవ్వింది. రెండో అలకు నానమ్మ కూడా నవ్వేసింది.

మూడింటికి ఓల్మన్ రెండు గంటలూ పూర్తయ్యాయి. చొక్కా విప్పి ఉరికాడు. పాదం తడిసిందో లేదో, ఈల మోగింది. ఒడ్డున గేటు దగ్గరి కుర్రాడే నిలబడి ఉన్నాడు.

"బయటికి రండి అమ్మగారూ!"

"అయిదు నిమిషాలు బాబూ! ప్లేటు నిండా పెట్టాను కదా!"

కుర్రాడు ఈల జేబులో పెట్టుకుని అటు తిరిగి కోతులను చూడసాగాడు.

తిరిగి వస్తుంటే ఖాళీ గిన్నె ఓల్మన్ చంకలో ఉంది. హెర్మినియా తడిబట్టలతో, మనవరాలి చెయ్యి వదలకుండా నడుస్తోంది.

"వచ్చేసారి ఇంత పెద్ద గిన్నె వద్దులే," అంది. "చిన్నది చాలు."

ఓల్మన్ టక్కున ఆగి గిన్నె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "అంటే అమ్మా, ఇన్నేళ్ళూ..."

"నడు, నడు," అంది హెర్మినియా. "ఆకలేస్తోంది నాకు."